ఏపీఎక్స్‌ఎస్: సర్వర్‌కి సొంత మాడ్యూల్ రాసి బిగించుకోవడం ఎలా ఉంటుందంటే

అపాచీ వెబ్ సర్వర్‌తో పాటు ఏపీఎక్స్‌ఎస్ అని ఒక చిన్న పనిముట్టు వస్తుంది, సర్వర్‌కి అదనపు పని నేర్పే ముక్కల్ని (మాడ్యూళ్లని) కంపైల్ చేసి బిగించడానికి. దాని గురించీ, దాని వెనకున్న మాడ్యూల్ ఏపీఐ (మాడ్యూళ్లు సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) గురించీ ఈ సమీక్ష. సర్వర్ల మీద ఎవరు రాసినా వేగం గురించే రాస్తారు: సెకనుకి ఎన్ని రిక్వెస్టులు, ఎంత మెమరీ అని. వాటికి సీ భాషలో మాడ్యూళ్లు రాసుకునే మనిషి వైపు నుంచి చూసి చెప్పేవాళ్లు తక్కువ. నేను చాలాకాలంగా సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. అపాచీకీ రాశాను, ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌కీ రాశాను. కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాను: సొంత అవసరానికి ఒక చిన్న మాడ్యూల్ రాసుకుని దాన్ని ఏళ్ల తరబడి నడుపుకోవాలనుకునేవారికి అపాచీ 2.4ని మించింది నాకు కనపడలేదు. రాయడం తేలికని కాదు, కొన్ని చోట్ల బాగా కష్టమే. 2.4 వరుసలో కొత్త విడుదల వచ్చిన రోజున మన మాడ్యూల్ జోలికి పోనక్కర్లేదు, అదీ కారణం.

నేను తీసుకున్న పని సంతకం చేసిన డౌన్‌లోడ్ లింకులు. సర్వర్ మీద పెద్ద పెద్ద ఫైళ్లుంటాయి. వాటికి ఇచ్చే లింకులోనే గడువు, ఆ గడువు మీదా ఫైల్ దారి మీదా కలిపి ఒక హెచ్‌మ్యాక్ సంతకం (రహస్య కీతో లెక్కగట్టిన ముద్ర) ఉంటాయి. సంతకం కలవకపోతే 403 (అనుమతి లేదు). గడువు దాటితే 410 (ఇక లేదు). రెండూ సరిగ్గా ఉంటే ఫైల్ వెళ్తుంది. ఇదంతా పైథాన్‌లోనో పీహెచ్‌పీలోనో చెయ్యొచ్చు కదా అంటే, చెయ్యొచ్చు. కానీ అప్పుడు ఫైల్ మొత్తం అప్లికేషన్ చేతుల మీదుగా పోవాలి. డౌన్‌లోడ్ నడిచినంతసేపూ ఒక అప్లికేషన్ ప్రాసెస్ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఆగిపోయిన డౌన్‌లోడ్‌ని మధ్యలోంచి అందుకునే రేంజ్ రిక్వెస్టుల సంగతీ మనమే చూసుకోవాలి. ఫైల్ పంపే పనిని సర్వర్‌కే అప్పగించే ఎక్స్-సెండ్‌ఫైల్ లాంటిది పెట్టి ఈ బరువు దించుకోవచ్చు గానీ, అపాచీలో అదీ ఒక బయటి మాడ్యూలే. అదే తనిఖీని సర్వర్ లోపలే పెట్టామనుకోండి, మన కోడ్ చెప్పాల్సింది ఔననో కాదనో ఒక్క మాట. రేంజ్, ఈట్యాగ్ (ఫైల్ మారిందో లేదో చెప్పే గుర్తు), సెండ్‌ఫైల్ (ఫైల్‌ని నేరుగా నెట్‌వర్క్‌లోకి పంపడం) అన్నీ సర్వర్ ఎప్పటిలాగే తన పని తను చేసుకుపోతుంది.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఇలాంటి అవసరానికి సెక్యూర్ లింక్ అని ఒకటి తయారుగా ఉంది. లైట్‌హెచ్‌టీటీపీడీ అనే ఇంకో సర్వర్‌లో సెక్‌డౌన్‌లోడ్ ఉంది. మామూలుగా అయితే అవి చాలు, సొంతంగా రాయకండి. నాకు ఒకేసారి రెండు రహస్య కీలు చెల్లాలి. పాత కీ నుంచి కొత్త కీకి మారే రోజుల్లో అప్పటికే జనం చేతికి చేరిన లింకులు చెడిపోకూడదు. అందుకే సీ ఫైల్ తెరిచాను.

మొదలుపెట్టడం చాలా హాయిగా ఉంటుంది. డెబియన్, ఉబుంటుల్లో అపాచీ2-డెవ్ ప్యాకేజీ, రెడ్ హ్యాట్ కుటుంబంలో హెచ్‌టీటీపీడీ-డెవెల్ ప్యాకేజీ వేసుకుంటే చాలు, సర్వర్ సోర్సు కోడ్ తెచ్చుకునే పనే లేదు. ఏపీఎక్స్‌ఎస్ నిజానికి ఒక పెర్ల్ స్క్రిప్టు. మీ సర్వర్‌ని ఏ కంపైలర్‌తో, ఏ ఫ్లాగులతో కట్టారో, హెడర్ ఫైళ్లు ఎక్కడున్నాయో, మాడ్యూళ్లు ఏ డైరెక్టరీలోకి వెళ్లాలో అన్నీ దానికి తెలుసు. 1998లో అపాచీ 1.3తో పాటు వచ్చింది. అంతకుముందు మామూలుగా మాడ్యూల్ చేర్చాలంటే సర్వర్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే.

-జి -ఎన్ అని, పక్కన మాడ్యూల్ పేరు ఇస్తే ఆ పేరుతో ఒక డైరెక్టరీ తయారవుతుంది. అందులో మేక్‌ఫైల్, ఒక సీ ఫైల్ ఉంటాయి. ఆ సీ ఫైల్ అప్పటికప్పుడు కంపైలయి పని చేస్తుంది. ఒక హ్యాండ్లర్ (జవాబు తయారుచేసే ఫంక్షన్) ఉంటుంది, బ్రౌజర్‌కి ఒక వాక్యం పంపుతుంది. ఎలా బిగించాలో, కాన్ఫిగ్‌లో ఏ వరుసలు రాయాలో పైన కామెంట్‌లోనే ఉంటుంది. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి తొలి మెట్టు దొరకదు. నా అసంతృప్తల్లా ఆ నమూనా అక్కడే ఆగిపోతుందని. కాన్ఫిగ్ నిర్మాణాలు, డైరెక్టివ్‌ల (కాన్ఫిగ్‌లో రాసే ఆదేశాల) పట్టిక, అన్ని గడులూ ఖాళీగా వదిలేసి ఉంటాయి. నిజం మాడ్యూల్‌కి మొదట కావాల్సినవే అవి.

ఒక యంత్రం మీద రెండు అపాచీలున్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ప్యాకేజీగా వచ్చింది ఒకటి, సోర్సు నుంచి కట్టుకున్నది ఇంకొకటి ఉంటే, ఒక్కో అపాచీకి ఒక్కో ఏపీఎక్స్‌ఎస్ ఉంటుంది. -క్యూ పెట్టి మాడ్యూళ్ల డైరెక్టరీ ఎక్కడని అడగండి, మీరు పిలుస్తున్నది ఏ సర్వర్‌దో వెంటనే తెలిసిపోతుంది.

ఇక రాయడం. అపాచీ మాడ్యూల్ అంటే చివరికి ఒక సీ స్ట్రక్చర్. అందులో మీరు నింపాల్సినవి ఆరు: డైరెక్టరీ స్థాయి కాన్ఫిగ్ తయారుచేసే ఫంక్షన్, దాన్ని కలిపే ఫంక్షన్, సర్వర్ స్థాయిలో అవే రెండు, డైరెక్టివ్‌ల పట్టిక, హుకులు (సర్వర్ మన ఫంక్షన్‌ని పిలిచే చోట్లు) నమోదుచేసే ఫంక్షన్. అక్కర్లేనిది నల్ అని వదిలేయొచ్చు.

ఈ హుకుల అమరికే అపాచీలో నాకు అన్నింటికన్నా నచ్చినది. ఒక రిక్వెస్ట్ లోపలికి వచ్చాక యూఆర్ఎల్‌ని ఫైల్ దారిగా మార్చడం, అనుమతి చూడడం, మనిషెవరో చూడడం, ఫైల్ రకం తేల్చడం, చివరి సర్దుబాట్లు, జవాబు తయారీ, లాగ్ రాయడం ఇలా మెట్టు మెట్టుగా దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా మనం చెయ్యి పెట్టొచ్చు. మన పని కాదనుకుంటే డిక్లైన్డ్ అని తిరిగి ఇచ్చేస్తాం, అంతే, వెనకున్నవాళ్లు చూసుకుంటారు. నా మాడ్యూల్‌కి హ్యాండ్లరే లేదు. అనుమతి చూసే మెట్టు దగ్గర ఒకే ఒక్క ఫంక్షన్. తనకి సంబంధం లేని డైరెక్టరీ అయితే డిక్లైన్డ్, లింకు బాగుంటే ఓకే, లేకపోతే 403, 410. ఆ తర్వాత ఫైల్ పంపేది అపాచీ సొంత హ్యాండ్లరే.

ఇక్కడ కొత్తవాళ్లు తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. హ్యాండ్లర్ హుకులో ఎవరో ఒకరు డిక్లైన్డ్ కాకుండా వేరే జవాబిచ్చారంటే అక్కడితో ఆట ముగిసింది, మిగతావాళ్లని పిలవరు. అనుమతి హుకులో అలా కాదు. ఓకే అన్నా, డిక్లైన్డ్ అన్నా అందరినీ వరసగా పిలుస్తారు. తప్పు కోడ్ ఇచ్చినవాడి దగ్గరే ఆగుతుంది. అంటే మన మాడ్యూల్ ఓకే అన్నంత మాత్రాన వేరే మాడ్యూల్ పెట్టిన అడ్డం తొలగిపోదు. భద్రతకి ఇది సరైన నిర్ణయం. వరుసలో ముందుండాలా వెనకుండాలా అనేది ఫస్ట్, మిడిల్, లాస్ట్ అని చెప్పుకోవచ్చు. ఫలానా మాడ్యూల్ కంటే ముందు, ఫలానాదాని తర్వాత అని పేర్లతోనూ చెప్పొచ్చు.

డైరెక్టివ్‌లు రాయడంలో శ్రమ ఉంది గానీ, ఫలితం బాగుంటుంది. ఆన్/ఆఫ్ తీసుకునేది, ఒక విలువ తీసుకునేది, రెండు తీసుకునేది, ఇలా ఒక్కోదానికీ ఒక్కో మ్యాక్రో ఉంది. ఏ డైరెక్టివ్ ఎక్కడ రాయొచ్చో కూడా అక్కడే చెప్తాం. నేను రహస్య కీలని ప్రధాన కాన్ఫిగ్‌లో మాత్రమే రాయనిస్తాను, డైరెక్టరీకొకటి పెట్టుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లోకి రానివ్వను. సర్వరే చూసుకుని, ఎవరైనా రాస్తే ఇక్కడ చెల్లదని చెప్పేస్తుంది. ఆ తనిఖీకి నేను ఒక్క వరుస కూడా రాయలేదు.

కలిపే ఫంక్షన్ దగ్గర మాత్రం మనసు పెట్టాలి. పై డైరెక్టరీలో ఆన్ అని ఉంది, కింది డైరెక్టరీలో ఏమీ రాయలేదు, అప్పుడేం కావాలి? ఆన్ కావాలి. కింద ఆఫ్ అని స్పష్టంగా రాస్తే ఆఫ్ కావాలి. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ఆన్, ఆఫ్ అనే రెండు విలువలు చాలవు, ‘ఎవరూ చెప్పలేదు’ అనే మూడోది ఉండాలి. కొత్త నిర్మాణం తయారుచేసేటప్పుడే దానికి -1 పెట్టి ఉంచితే కలిపేటప్పుడు చిక్కు రాదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఇదే పనికి తయారు మ్యాక్రోలున్నాయి. అక్కడ కలపడం ఒక్క వరుసతో అయిపోతుంది. ఈ విషయంలో దానికే ఎక్కువ మార్కులు.

మెమరీ పూల్స్ గురించి కాసేపు చెప్పాలి. సీలో రాయాలంటే చాలామందికి భయం మెమరీ వల్లే. అడిగింది తిరిగి ఇవ్వకపోతే లీకు, రెండుసార్లు ఇస్తే క్రాష్. అపాచీలో మెమరీ అడిగే మాలాక్, తిరిగి ఇచ్చే ఫ్రీ దాదాపు వాడనక్కర్లేదు. ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక పూల్ ఉంటుంది. మనకి కావాల్సినదంతా దాంట్లోంచి తీసుకుంటాం. రిక్వెస్ట్ అయిపోగానే పలక తుడిచినట్టు మొత్తం పోతుంది. మన ఫంక్షన్ మధ్యలో ఎక్కడ తప్పు వచ్చి వెనక్కి తిరిగినా శుభ్రం చెయ్యాల్సిన పని లేదు. ఫైళ్లు, సాకెట్ల లాంటివాటికి పూల్‌తో పాటు పిలవమని ఒక క్లీనప్ ఫంక్షన్ తగిలించొచ్చు. కనెక్షన్‌కి ఒక పూల్, కాన్ఫిగ్‌కి ఒక పూల్, మొత్తం ప్రాసెస్‌కి ఒక పూల్, ఒక్కోదాని ఆయుష్షు ఒక్కోలా ఉంటుంది. కోడ్ రాసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువు ఎంతకాలం బతకాలి? దానికి జవాబు తెలిస్తే ఏ పూలో తెలిసిపోతుంది. రిక్వెస్ట్ కోసం తీసుకోవాల్సింది కాన్ఫిగ్ పూల్‌లోంచి తీసుకుంటే మటుకు ప్రాసెస్ ఉబ్బుతూనే పోతుంది. పైగా థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పనులు) ఉన్న చోట అది ప్రమాదం కూడా, ఒకే పూల్‌ని ఇద్దరు ఒకేసారి ముట్టుకోకూడదు.

థ్రెడ్ల మాట వచ్చింది కాబట్టి అది కూడా. అపాచీ 2లో ప్రాసెస్‌ల నమూనా మార్చుకోవచ్చు. ప్రీఫోర్క్‌లో ఒక్కో ప్రాసెస్ ఒక్కో రిక్వెస్ట్‌ని చూస్తుంది. వర్కర్, ఈవెంట్‌లలో ఒక ప్రాసెస్ లోపల బోలెడు థ్రెడ్లుంటాయి. 2.4లో ఈ నమూనాని కూడా మాడ్యూల్‌లాగే లోడ్ చేసుకోవచ్చు. మాడ్యూల్ రాసేవారికి దీని అర్థం: మీరు ప్రీఫోర్క్ మీద పరీక్షించి బాగుందనుకున్నది రేపు ఇంకొకరి ఈవెంట్ సర్వర్‌లో పడుతుంది. థ్రెడ్లన్నీ పంచుకునే స్టాటిక్ వేరియబుల్ ఒక్కటి ఉన్నా అక్కడ బయటపడుతుంది. మొదటి నుంచీ ఈవెంట్ మీదే పరీక్షించడం మేలు. మనం కలుపుకునే బయటి లైబ్రరీలకీ ఇదే షరతు. పీహెచ్‌పీని మాడ్యూల్‌గా నడిపేవాళ్లు ఇన్నేళ్లూ ప్రీఫోర్క్‌కి అంటిపెట్టుకుని ఉండటానికి కారణం ఇదే.

ఇంకో విచిత్రం ఉంది. సర్వర్ మొదలయ్యేటప్పుడు అపాచీ కాన్ఫిగ్‌ని రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి అంతా సరిగ్గా ఉందా అని చూడటానికి, రెండోసారి నిజంగా. ఆ మధ్యలో మాడ్యూళ్లని దించేసి మళ్లీ ఎక్కిస్తుంది కూడా. కాబట్టి కాన్ఫిగ్ తర్వాత పిలిచే హుకు రెండుసార్లు నడుస్తుంది. అందులో షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ) తెరవడం లాంటి బరువైన పని పెడితే అది రెండుసార్లు జరుగుతుంది. పాత కోడ్‌లలో దీనికోసం ప్రాసెస్ పూల్‌లో ఒక గుర్తు దాచిపెట్టే చిట్కా కనిపిస్తుంది. 2.4లో ఇది ఏ విడత అని సర్వర్‌నే అడిగే ఫంక్షన్ వచ్చింది, దాన్నే వాడండి. ఇంత ముఖ్యమైన సంగతి నమూనా ఫైల్‌లో ఒక్క కామెంట్‌గానైనా ఉండాల్సింది.

ఫిల్టర్లు మాత్రం నిజంగా కష్టం. జవాబు బయటికి పోయే దారిలో దాన్ని మార్చాలంటే ఔట్‌పుట్ ఫిల్టర్ రాయాలి. డేటా మనకి ఒక ముద్దగా రాదు, బకెట్ల వరసగా వస్తుంది. ఒక బకెట్‌లో మెమరీలోని అక్షరాలుంటాయి, ఇంకోదాంట్లో ఫైల్ ఉంటుంది, ఇంకోదాంట్లో డేటా ఏమీ ఉండదు, ఫ్లష్ చెయ్యమనో అయిపోయిందనో ఒక కబురు మాత్రం ఉంటుంది. మన ఫిల్టర్‌ని ఒకే జవాబుకి చాలాసార్లు పిలుస్తారు. వెతికే పదం సగం ఒక బకెట్‌లో, సగం తర్వాతదాంట్లో పడొచ్చు. మొత్తం పోగేసుకుని చివర్లో పంపుదామంటే పెద్ద ఫైల్‌కి మెమరీ అంతా పోతుంది. ఔట్‌పుట్ ఫిల్టర్లు ఎలా రాయాలో చెప్పే పేజీ ఒకటి అపాచీ అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఉంది, చాలా బాగుంటుంది. అది పూర్తిగా చదవకుండా ఫిల్టర్ మొదలుపెట్టకండి. నా లింకుల మాడ్యూల్‌కి ఫిల్టర్ అవసరం రాలేదు. వచ్చుంటే పని పరిమాణమే వేరుగా ఉండేది.

కంపైలింగ్, బిగించడం ఒకే ఆజ్ఞతో అయిపోతాయి: -సి అంటే కంపైల్, -ఐ అంటే మాడ్యూళ్ల డైరెక్టరీలోకి చేర్చడం, -ఏ అంటే కాన్ఫిగ్‌లో లోడ్‌మాడ్యూల్ వరుస రాయడం. హెచ్‌మ్యాక్ కోసం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల క్రిప్టో లైబ్రరీ కావాలి, దాన్ని -ఎల్‌తో చెప్తే సరిపోతుంది. కంపైలర్‌కి హెచ్చరికలన్నీ చూపించమని చెప్పడం మరవొద్దు, దానికి -డబ్ల్యుసి అనే దారి ఉంది. ఎందుకంటే ఇలా విడిగా లోడయ్యే ఫైల్‌లో ఒక ఫంక్షన్ పేరు తప్పు రాసినా లింకింగ్ ఆగదు. ఆ పేరు సర్వర్‌లో ఎక్కడో ఉంటుందిలే అనుకుని ముందుకెళ్తుంది. తీరా సర్వర్ లోడ్ చేసుకునేటప్పుడు ఆ పేరు దొరకలేదని ఆగిపోతుంది.

డెబియన్‌లో ఈ -ఏ ఇంకా ముచ్చటగా పని చేస్తుంది. అక్కడ కాన్ఫిగ్ ఒకే పెద్ద ఫైల్ కాదు కదా, మాడ్యూల్‌కి ఒక చిన్న లోడ్ ఫైల్ ఉంటుంది. ఏపీఎక్స్‌ఎస్ ఆ ఫైల్‌ని తనే తయారుచేసి, ఏ2ఎన్‌మాడ్‌తో దాన్ని ఆన్ చేస్తుంది. తర్వాత ఏ2డిస్‌మాడ్‌తో ఆపుకోవచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన మాడ్యూల్‌కీ మన సొంత మాడ్యూల్‌కీ నిర్వహణలో తేడానే ఉండదు. రాత్రివేళ డ్యూటీలో ఉన్న ఇంకొకరికి మన మాడ్యూల్ గురించి ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

మొదట్లో చెప్పిన అసలు కారణం ఇక్కడుంది. ప్రతి అపాచీ మాడ్యూల్‌లోనూ అది ఏ ఏపీఐ మీద కంపైలయిందో చెప్పే ఒక సంఖ్య ఉంటుంది, మ్యాజిక్ నంబర్ అంటారు. 2.2కి అది 20051115. 2.4కి 20120211. పక్కనే చిన్న సంఖ్య ఇంకోటి ఉంటుంది, ఏపీఐలో కొత్తవి చేర్చినప్పుడు అది పెరుగుతుంది. ఉన్నదాన్ని విరగ్గొట్టే మార్పు వస్తేనే పెద్ద సంఖ్య మారుతుంది. 2.4 మొదటి విడుదల 2012 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటి నుంచి 2.4 వరుసలో ఎన్ని విడుదలలొచ్చినా పెద్ద సంఖ్య అదే. అంటే భద్రతా లోపం సరిచేసిన కొత్త 2.4 వచ్చిందంటే సర్వర్ ప్యాకేజీ మార్చుకుని రీస్టార్ట్ చేసుకోవడమే, మన మాడ్యూల్ మళ్లీ కంపైల్ చెయ్యక్కర్లేదు. లోపం బయటపడ్డ రోజున గంటల తేడా కూడా లెక్కే. అలాంటప్పుడు సొంత మాడ్యూల్ వల్ల అప్‌డేట్ ఆగిపోకపోవడం ఎంత పెద్ద సౌకర్యమో సర్వర్లు చూసుకునేవారికి తెలుసు.

పెద్ద సంఖ్య మారినప్పుడు మాత్రం పని ఉంటుంది. 2.2 నుంచి 2.4కి వచ్చేటప్పుడు కనెక్షన్ నిర్మాణంలో రిమోట్ ఐపీ అనే గడి పేరే మారిపోయి క్లయింట్ ఐపీ అయింది. రిక్వెస్ట్ నిర్మాణంలో యూజర్ ఏజెంట్ ఐపీ అని కొత్తది చేరింది. చూడటానికి పేరు మార్పులా ఉంటుంది గానీ వెనక మంచి ఆలోచన ఉంది. సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది) ఉంటే కనెక్షన్ చేసింది ఆ బ్యాలెన్సర్, అడిగింది మాత్రం ఆ వెనకున్న మనిషి. రిమోట్ఐపీ మాడ్యూల్ వాడినప్పుడు ఆ రెండో చిరునామా రిక్వెస్ట్‌లో ఉంటుంది. ఐపీని బట్టి నిర్ణయం తీసుకునే మాడ్యూల్ ఏదైనా రిక్వెస్ట్‌లోది చూడాలి, కనెక్షన్‌లోది కాదు.

సరిపోలని మాడ్యూల్ పెడితే వచ్చే సందేశం కూడా బాగుంటుంది. ఈ మాడ్యూల్ ఈ అపాచీకి సరిపోదు, ఇందులో ఫలానా సంఖ్య ఉంది, కావాల్సింది ఫలానా సంఖ్య అని విడమర్చి చెప్తుంది. అసలు మాడ్యూలే కాని ఫైల్‌ని ఇస్తే సంతకం చెడిందని వేరే సందేశం. ఏదీ అర్థంకాక తల పట్టుకునే పరిస్థితి రాదు.

పరీక్షకి కావాల్సిన సరంజామా కూడా సర్వర్‌లోనే ఉంది. -టి కాన్ఫిగ్ సరిగా ఉందో చూస్తుంది. మాడ్యూళ్లన్నీ లోడ్ చేసి చూస్తుంది కాబట్టి దొరకని పేర్లు అక్కడే పట్టుబడతాయి. పెద్ద -ఎం లోడయిన మాడ్యూళ్ల జాబితా ఇస్తుంది. పెద్ద -ఎక్స్‌తో సర్వర్ ఒకే ప్రాసెస్‌గా, టెర్మినల్ వదలకుండా నడుస్తుంది. జీడీబీ అనే డీబగ్గర్‌లో పెట్టి మన ఫంక్షన్ దగ్గర ఆపి ఒక్కో అడుగూ చూడొచ్చు. 2.4లో వచ్చిన ఇంకో వరం, లాగ్ స్థాయిని మాడ్యూల్‌కి మాడ్యూల్‌గా పెట్టుకోగలగడం. నడుస్తున్న సర్వర్‌లో మిగతావన్నీ ప్రశాంతంగా ఉంచి మన మాడ్యూల్ ఒక్కదాన్నే డీబగ్‌లో పెట్టొచ్చు, ఇంకా లోతుగా కావాలంటే ట్రేస్1 నుంచి ట్రేస్8 దాకా ఉన్నాయి. లాగ్‌లో ఏహెచ్00052 అనే గుర్తుతో, చైల్డ్ ప్రాసెస్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పోయిందని కనిపిస్తే కోర్ డంప్ డైరెక్టరీ అనే డైరెక్టివ్ పెట్టుకుని ఆ డంప్‌ని (కూలిన ప్రాసెస్ మెమరీ ప్రతిని) జీడీబీలో తెరవండి.

నడుస్తున్న సర్వర్ మీద పాత మాడ్యూల్ ఫైల్‌కి పైన కొత్తది నేరుగా కాపీ చెయ్యకూడదు. ఆ ఫైల్ అప్పటికే ప్రాసెస్‌ల మెమరీలోకి మ్యాప్ అయి ఉంటుంది. కింద నుంచి లాగేస్తే చైల్డ్ ప్రాసెస్‌లు ఒక్కొక్కటే కూలిపోతాయి. పక్కన వేరే పేరుతో పెట్టి, ఆ పేరుని పాతదాని మీదికి మార్చి, అప్పుడు రీస్టార్ట్ చెయ్యాలి.

ఇప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ సంగతి. 2004లో ఇగోర్ సిసోయెవ్ బయటికి విడుదల చేసిన సర్వర్ ఇది. చాలాకాలం దీనికి విడిగా మాడ్యూల్ బిగించే దారే లేదు, సర్వర్‌తో కలిపి కంపైల్ చెయ్యాల్సిందే. 2016లో 1.9.11తో డైనమిక్ మాడ్యూళ్లు వచ్చాయి, అదే ఏడు 1.11.5లో కంపాటబిలిటీ ఫ్లాగ్ కూడా చేరింది. ఇప్పుడు సర్వర్ సోర్సు తెచ్చుకుని, ఆ ఫ్లాగ్‌తో మాడ్యూల్ ఒక్కటీ కంపైల్ చేసి లోడ్ చెయ్యొచ్చు. అయితే సర్వర్ వెర్షన్, మాడ్యూల్ కంపైలయిన వెర్షన్ చివరి అంకె దాకా ఒకటే అయ్యుండాలి. 1.26.1 మీద కట్టింది 1.26.2లో లోడవదు. అంటే ప్రతి అప్‌డేట్‌కీ మాడ్యూల్ మళ్లీ కట్టాలి. కట్టి ప్యాకేజీ చేసే యంత్రాంగం ఉన్న బృందానికి ఇది పెద్ద భారం కాదు. ఒకరిద్దరే చూసుకునే సర్వర్లకి భారమే.

కోడ్ పరంగా ఎన్‌జిన్‌ఎక్స్ నాకు ఇష్టం. సోర్సు పొందికగా ఉంటుంది, ఒకే శైలిలో ఉంటుంది. ఒక వర్కర్ మామూలుగా ఒకే థ్రెడ్‌లో అందరినీ చూస్తుంది కాబట్టి తాళాల (లాకుల) గొడవ తక్కువ. దానికి బదులుగా మన ఫంక్షన్ ఎక్కడా ఆగకూడదు. డేటాబేస్ జవాబు కోసం ఒక్క చోట ఎదురుచూసినా ఆ వర్కర్ మీదున్న కనెక్షన్లన్నీ దాంతోపాటు ఆగిపోతాయి. అపాచీలో అదే ఆలస్యం ఆ ఒక్క రిక్వెస్ట్‌కే. అక్కడి స్ట్రింగులు కూడా సున్నాతో ముగియవు, పొడవు పక్కన ఉంటుంది. సీ లైబ్రరీ ఫంక్షన్లకి అలాగే ఇచ్చేస్తే హద్దు దాటి చదువుతాయి. నా లింకుల తనిఖీ లాంటి పూర్తిగా లెక్కల పని అక్కడా చక్కగా ఇముడుతుంది. బయటికి వెళ్లి ఎవరినో అడగాల్సిన పని అయితే అపాచీలో రాయడం చాలా సులువు.

సీ రానివాళ్లు క్యాడీ అనే సర్వర్ వైపు చూడండి. గో భాషలో ఉంటుంది, మెమరీ తప్పుల భయం చాలావరకు పోతుంది. ఎక్స్‌క్యాడీ అనే పనిముట్టు మన మాడ్యూల్‌ని కలిపి మొత్తం సర్వర్‌ని ఒకే ఫైల్‌గా కట్టిస్తుంది. నడుస్తున్న సర్వర్‌కి విడిగా తగిలించడం అనేది లేదు. అపాచీలోనే ఉండాలంటే సీ కంటే ముందు, లువా భాషలో రాయనిచ్చే మాడ్_లువా చూడండి. అనుమతి హుకుని చిన్న లువా స్క్రిప్టుతోనే పట్టుకోవచ్చు, ఆలోచన సరైనదో కాదో తేల్చుకోవడానికి అది చాలు.

డాక్యుమెంటేషన్‌కి మాత్రం సగం మార్కులే. 2.4 కోసం రాసిన మాడ్యూల్ మార్గదర్శి హ్యాండ్లర్లు, డైరెక్టివ్‌ల వరకు చక్కగా నడిపిస్తుంది. ఆ పక్కనే ఉన్న పేజీల్లో కొన్ని 2.0 కాలం నాటివి, 1.3 నుంచి ఎలా మారాలో చెప్పేవి. ఏ పేజీ ఇప్పటికీ చెల్లుతుందో కొత్తవాళ్లకి తెలియదు. అలాంటప్పుడు హెడర్ ఫైళ్లనే నమ్మండి, వాటిలో ప్రతి ఫంక్షన్ పైనా వివరణ ఉంటుంది. సర్వర్ సోర్సులోని ఉదాహరణల డైరెక్టరీలో హుకులన్నింటినీ చూపించే మాడ్యూల్ ఒకటుంది, అది తెరిచి పక్కన పెట్టుకోండి. మీరు రాయబోయేదానికి దగ్గరగా ఉన్న అపాచీ సొంత మాడ్యూల్ ఒకటి చదవడం అన్నిటికంటే ఉత్తమం.

వేరేవాళ్లు రాసిన మాడ్యూళ్లు బిగించేవారికి ఒక మాట. మాడ్యూల్ సర్వర్ ప్రాసెస్ లోపలే నడుస్తుంది, దానికీ సర్వర్‌కీ మధ్య గోడ ఏమీ ఉండదు. సర్వర్‌ని రూట్‌గా (పూర్తి అధికారంతో) మొదలుపెడితే కాన్ఫిగ్ చదివే దశలో మాడ్యూల్ కోడ్ కూడా రూట్‌గానే నడుస్తుంది. హెచ్‌టీటీపీఎస్‌కి వాడే టీఎల్‌ఎస్ ప్రైవేట్ కీలు, వచ్చిపోయే పాస్‌వర్డులు అన్నీ దానికి అందుబాటులో ఉన్నట్టే. సోర్సు లేకుండా కంపైల్ చేసిన ఫైల్ మాత్రమే ఇచ్చేవాళ్ల దగ్గర నేను తీసుకోను. సోర్సు ఉంటే స్ట్రింగులు కాపీ చేసే చోట్లు, క్వెరీ స్ట్రింగ్ విడదీసే చోట్లు, స్టాటిక్ వేరియబుళ్లు, ఈ మూడూ చదివి, హెచ్చరికలన్నీ ఆన్ చేసి నా ఏపీఎక్స్‌ఎస్‌తోనే కట్టుకుంటాను. తర్వాత ఈవెంట్ నమూనాలో, పరీక్ష సర్వర్ మీద లోడ్ పెట్టి, గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్‌లు (నడుస్తున్న రిక్వెస్టుల్ని తెంచకుండా చేసేవి) వెంటవెంటనే చేయించి చూస్తాను. దించి ఎక్కించేటప్పుడు కూలిపోయే మాడ్యూళ్లు అక్కడే దొరికిపోతాయి.